మొదటి పేరు పిచర్‌ది

నా కుడిచేతికి దెబ్బ తగల్లేదు. ఈ మాట ముందే రాసేస్తే మంచిది. మూడేళ్ళుగా మా రైల్వే కాలనీలో నా చెయ్యి గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకుంటున్నారు. బంతి వచ్చి భుజం మీద తగిలిందని కొందరు, సైకిల్ మీంచి పడ్డానని కొందరు, బలం రావాలని ఏవో మందులు పొడిపించుకున్నానని ఇంకొందరు. ఏదీ నిజం కాదు. ఎముక గట్టిగా, నరం శుభ్రంగా ఉన్న ఇరవయ్యేళ్ళ చేతిని అరిగిపోయేదాకా వాడారు. అరిగాక, అది ముందునుంచే అలా ఉందని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. జరిగింది అంతే. ఇప్పుడు రాయడానికి వేళ్ళు బాగానే వంగుతున్నాయి కాబట్టి, మొదట్నుంచీ రాస్తాను.

మా నాన్న పేరు గురువులు, లోకో షెడ్డులో ఫిట్టరు. పాలకొండ దగ్గర పల్లెనుంచి పద్దెనిమిదేళ్ళప్పుడు బిలాస్‌పూర్ వచ్చి ఖలాసీగా చేరాడు. అమ్మ, నాన్న, సావిత్రక్క, నేను. రెండు గదుల క్వార్టరు. అక్క ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుట్టేది. నేను పన్నెండో తరగతి పాసై ఖాళీగా ఉన్నాను. చదువుతో నాకు పెద్ద పేరేమీ లేదు గానీ, రాయి విసిరితే అనుకున్న చోట తగిలేది. ఆ రోజుల్లోనే మా స్కూలుకి ఒక డ్రిల్లు మాస్టారు బేస్‌బాల్ అనే ఆట తెచ్చాడు. ఒకడు మట్టి దిబ్బ మీద నిలబడి బంతిని శక్తికొద్దీ విసురుతాడు. ఎదుటివాడు కర్రతో కొట్టాలి. విసిరేవాణ్ణి పిచర్ అంటారు. నేను పిచర్ అయ్యానని చెప్పినప్పుడు అమ్మ వత్తులు చేసుకుంటూ తలెత్తి చూసింది. "పిచ్చరేట్రా, సినిమాలో ఏసినావేటి?" అంది.

తొంభై రెండు, చలికాలం

మా ఊళ్ళో ఒక పెద్ద ఆఫీసుకి బేస్‌బాల్ టీము ఉండేది. ఏ ఆఫీసో రాయను. ఊళ్ళో ఆఫీసులకేం తక్కువ లేదు, ఎవరిదో ఒకరిది అనుకోండి. ఏటా చలికాలంలో ఆటగాళ్ళను ఎంపిక చేసి, ఆట కోటాలో ఉద్యోగాలిచ్చేవారు. రెండేళ్ళు టీములో ఆడితే ఉద్యోగం పక్కా. మధ్యలో ఆడలేకపోతే ఇంటికే. నాన్న రిటైరవడానికి అప్పటికి ఏడాదిన్నర ఉంది. రిటైరయితే క్వార్టరు ఖాళీ చేయాలి. మా ఇంట్లో ఈ సంగతి ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. అన్నం తింటున్నప్పుడు మాత్రం నలుగురం అదే ఆలోచించేవాళ్ళం.

ఎంపికకి వచ్చిన పిచర్లం ఐదుగురం. కోచ్ సాబ్ తెల్లటి టోపీ, మెడలో ఈల, చూడ్డానికి పెద్దమనిషి. ఒక్కొక్కణ్ణి విసరమన్నాడు. నా బంతి పట్టుకున్న కుర్రాడు గ్లవ్వు తీసి అరచెయ్యి ఊదుకున్నాడు. అది చూసి కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్లు నవ్వారు. సాయంత్రం జాబితా బోర్డు మీద పెట్టారు. అందులో మొదటి పేరు నాది. ఆ ఆఫీసులో అదొక ఆనవాయితీ అని తర్వాత తెలిసింది. అందరికంటే వేగంగా విసిరే పిచర్‌నే ఏటా మొదట తీసుకుంటారు. తక్కినవాళ్ళ పేర్లు వాడి కింద.

నాన్న షెడ్డులో లడ్డూలు పంచాడు. అంతకుముందు ఏడు, ఆ ముందేడు మొదటి పేరుగా ఎక్కినవాళ్ళు ఏమయ్యారని మేం అడగలేదు. అడగాలని మాకు తట్టనే లేదు. మొదట తీసుకున్నవాడికి అన్నీ మొదటగా అందుతాయనే అనుకున్నాం.

తొంభై మూడు, వానాకాలం

క్యాంపు మొదలైంది. పిచర్లకు బుట్టలో బంతులు పెట్టేవారు. బుట్ట ఖాళీ అయితే విసరడం అయినట్టు. నా బుట్ట ఖాళీ అయ్యేసరికి మళ్ళీ నింపేవారు. జాబితాలో రెండో పేరు, మూడో పేరు ఉన్న పిచర్లు ఒక పూట విసిరితే ఒక పూట కూర్చునేవారు. నాకు కూర్చునే పూట లేదు. ఎవరో పెద్ద ఆఫీసరు చూడ్డానికి వస్తాడు, ఫస్ట్ వాలా ఎవరు అంటాడు, కోచ్ సాబ్ నన్ను పిలుస్తాడు. ఆ ఆఫీసరు వెళ్ళాక మ్యాచి. మ్యాచిలో కూడా మొదటినుంచి చివరిదాకా నేనే. మొదట తీసుకున్న గుర్రాన్ని కొట్టంలో కట్టేస్తే జనం ఏమంటారని కోచ్ సాబ్ నాతోనే నవ్వుతూ అన్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే కోపం వస్తుంది.

ఆగస్టు చివరికి చెయ్యి బరువెక్కసాగింది. నొప్పి కాదు, బరువు. తడిసిన బొంత వేసుకున్నట్టుండేది. సాయంత్రానికి వేళ్ళు బిగిసి ఉంగరం వచ్చేది కాదు. భుజం మీద, ఛాతీ పక్కన నీలం నరాలు లేచి కనిపించేవి. కోచ్ సాబ్‌తో చెప్పాను. కొత్త పిచర్లందరికీ చెయ్యి లావెక్కుతుందనీ, అది బలమనీ అన్నాడు. రెండోసారి చెప్పినప్పుడు నఖ్రాలు చేయొద్దన్నాడు. మూడోసారి నేను చెప్పలేదు.

కనిపెట్టింది సావిత్రక్క. దసరాకి నాకు చొక్కా కుడుతూ కొలత తీసుకుంటోంది. టేపు కుడిచేతికి చుట్టి, ఎడమచేతికి చుట్టి, మళ్ళీ కుడికి చుట్టింది.

"ఇదేట్రా సెంద్రం? ఒక సేతికి రెండేలి మందం ఎక్కువొస్తోంది. ఒక సొక్కాకి రెండు కొలతల సేతులు కుట్టాలేటి?"

నేను తేలిగ్గా కొట్టిపారేశాను. అక్క ఊరుకోలేదు. నన్ను వెలుతుర్లోకి లాగి రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసింది. కుడిచేతి గోళ్ళ కింద నేరేడుపండు తిన్న రంగు. నాన్నని పిలిచి చూపించింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమంది. నాన్న చాలాసేపు చూశాడు గానీ, టోర్నమెంటు అయ్యాక చూద్దామన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయన కళ్ళముందు చెయ్యి ఒక్కటే లేదు, క్వార్టరు కూడా ఉంది. అక్క మాత్రం ఆరోజునుంచి నాన్నతో మాట్లాడ్డం తగ్గించేసింది. మా ఇంట్లో మొదటి చీలిక అక్కడే వచ్చింది.

టోర్నమెంటు మూడోరోజు, మట్టి దిబ్బ మీద నా చేతిలోంచి బంతి జారి కిందపడింది. విసరలేదు, జారింది. చూస్తే మోచేతి పైనుంచి వేళ్ళదాకా ఒకే నీలం రంగు. కోచ్ సాబ్ మాలిష్ వాడిని పిలిపించాడు. వాడు ఆవనూనె వేడిచేసి, నన్ను బెంచీ మీద పడుకోబెట్టి, భుజంనుంచి కిందికీ కిందినుంచి పైకీ శక్తికొద్దీ పిసికాడు. నేను పళ్ళు బిగించి పడుకున్నాను. ఆ తర్వాత మళ్ళీ దిబ్బ ఎక్కించారు. నేను ఎక్కాను.

మర్నాడు పొద్దున క్యాంపుకి సైకిల్ తొక్కుతుంటే రైల్వే గేటు దగ్గర ఛాతీలో కత్తి దిగినట్టయింది. ఊపిరి సగం దాకా వచ్చి ఆగిపోతోంది. సైకిల్ గోడకి ఆనించి కూర్చున్నాను. గేటు పడింది. బొగ్గు గూడ్సు ఒకటి వెళ్తోంది, ఎంతకీ అయిపోదు. ఆ రైలు అయ్యేలోపు పోతాననుకున్నాను. అమ్మ గుర్తురాలేదు, దేవుడు గుర్తురాలేదు. ఈపూట క్యాంపుకి లేటయితే పేరు కొట్టేస్తారనే అనుకున్నాను. ఒక మనిషిని ఆ స్థితికి తెచ్చినవాళ్ళని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆసుపత్రి బెంచీ

గేటుమాన్ నన్ను రిక్షా ఎక్కించి ఇంటికి పంపాడు. అక్క ఎవరినీ అడగలేదు. అదే రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బయటి రోగుల వరండాలో పొడుగాటి చెక్క బెంచీ. చీటీ తీసుకుని కూర్చున్నాం. మా ముందు ఎంతోమంది. నాకు ఊపిరి పీల్చడమంటేనే భయంగా ఉంది, చిన్నచిన్నగా తీసుకుంటున్నాను.

నా పక్కన ఒకతను కూర్చున్నాడు. ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ళు ఉంటాయి గానీ ముఖం పెద్దవాడిది. కుడిమోచెయ్యి వంగిపోయి, జోలె మోస్తున్నవాడిలా పొట్టకి ఆనించి పెట్టుకున్నాడు. నా ఒంటి మీది టీము బనియను చూసి, పిచరా అని అడిగాడు. అవునన్నాను. జాబితాలో ఎన్నో పేరు అని అడిగాడు. మొదటిదన్నాను. 

"నేనూ," అన్నాడు హిందీలో. "నీకు రెండేళ్ళ ముందు."

పేరు దిలేశ్వర్. గతౌరా మనిషి. మోచేతిలో నొప్పి అంటే సూది పొడిపించి ఆడించేవారట. సూది పొడిస్తే ఆరోజుకి నొప్పి తెలిసేది కాదు, ఆ రోజంతా విసిరేవాడు. అలా ఒక సీజను గడిచేసరికి మోచెయ్యి చాచడం పోయింది. ఉద్యోగమూ పోయింది. ఇప్పుడు ఊళ్ళో ఎడమచేత్తో కొడవలి పట్టడం నేర్చుకుంటున్నాడట. అతనికి ముందు మొదటి పేరుగా వచ్చినవాడు భుజం జారి, దుర్గ్ వెళ్ళిపోయాడట. ఇదంతా అతను ఏ బాధా లేనట్టు, రైలు ఆలస్యం గురించి చెప్పినట్టు చెప్పాడు. అక్క వింటూ వింటూ లేచి నిలబడింది.

అప్పుడే మందుల ట్రే పట్టుకుని ఒక నర్సు అటు వెళ్తోంది. అన్నమ్మ సిస్టర్, కేరళ మనిషి. నా చెయ్యి చూసి ఆగింది. ట్రే కిటికీ మీద పెట్టి, నా గోళ్ళు నొక్కి చూసింది. ఊపిరి తీసుకోమంది. సగంలో ఆగిపోయాను. ఇంక చీటీ, వరుస ఏమీ చూడలేదు. చక్రాల కుర్చీ తెప్పించి, డాక్టరు గది తలుపు తట్టకుండానే నన్ను లోపలికి తోసింది. బెంచీ మీదివాళ్ళు ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఒక ముసలాయన నా చెప్పులు తెచ్చి కుర్చీలో పెట్టాడు.

డాక్టరు పెద్దవాడు. చెయ్యి చూసి, ఛాతీ విని, ఎవరు మాలిష్ చేశారని అడిగాడు. చెప్పాం. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. భుజం దగ్గర పెద్ద రక్తనాళంలో రక్తం గడ్డకట్టిందనీ, పక్కటెముకకీ మెడ కింది కాలర్ ఎముకకీ మధ్య నాళం రోజూ నలిగి నలిగి ఇలా అయిందనీ, ఆ గడ్డలోంచి ఒక ముక్క ఊపిరితిత్తిలోకి వెళ్ళిందనీ చెప్పాడు. ముక్క ఇంకాస్త పెద్దదైతే ఈ కుర్చీ అవసరం ఉండేది కాదన్నాడు. అక్క ఏడవలేదు. నేనూ ఏడవలేదు. కదలకుండా పడుకోమన్నారు, పడుకున్నాను.

మంచం మీద

మూడు వారాలు. రక్తం పలచబడే మందు పొట్టలో పొడిచేవారు. పొడిచినచోటల్లా నల్లగా కమిలేది. రోజూ పరీక్షకి రక్తం తీసేవారు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళు కారేవి. నొప్పి ఓర్చుకోగలిగాను. భయాన్ని ఓర్చుకోలేకపోయాను. ఇంకో ముక్క బయల్దేరుతుందేమోనని దగ్గడానికి భయం, పక్కకి తిరగడానికి భయం. అన్నమ్మ సిస్టర్ డ్యూటీ అయిపోయాక కూడా ఒకసారి వచ్చి నా మంచం దగ్గర నిలబడి, ఇవాళ గోళ్ళు గులాబీ రంగులో ఉన్నాయని చెప్పి వెళ్ళేది. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నుంచి ఎదురుచూసేవాణ్ణి.

ఇంట్లోవాళ్ళు వంతులవారీగా వచ్చేవారు. అక్క, నాన్న కలిసి వచ్చేవారు కాదు. అమ్మ వాళ్ళిద్దరి మధ్యా నలిగిపోయింది. ఆకుకూరలు ఇష్టమొచ్చినట్టు పెట్టొద్దని, మందుకి పడదని డాక్టరు చెప్తే, అన్నాళ్ళూ తనే తోటకూర పెట్టి నా రక్తం గడ్డకట్టించిందని అమ్మ నమ్మేసింది. అది కారణం కాదమ్మా అని ఎంత చెప్పినా వినలేదు. తప్పు చేసినవాళ్ళు హాయిగా తిరుగుతుంటే, ఏ తప్పూ చేయనిది కుమిలిపోయింది. నాకు ఈరోజుకీ తగ్గని కోపాల్లో ఇదొకటి.

నాన్న వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. టీము ఎలా ఆడుతోందో చెప్పేవాడు. నువ్వు లేచాక మళ్ళీ తీసుకుంటారులే అనేవాడు. ఒకరోజు అక్క అప్పుడే వచ్చి ఆ మాట విన్నది.

"ఏటి తీసుకుంటారు నానా? ఆడికి ఎడమసెయ్యి ఒక్కటే మిగిలుంది, అదీ పట్టుకుపోమను," అంది. నాన్న తల దించుకుని గుమ్మం దాటిపోయాడు. ఆయన నడకలో మొదటిసారి ముసలితనం చూశాను.

రెండోవారంలో కోచ్ సాబ్ వచ్చాడు. అదే టోపీ, చేతిలో అరటిపళ్ళు. అప్పుడు నాన్న, అక్క ఇద్దరూ ఉన్నారు. ఆయన నా తల నిమిరాడు. టీము మొత్తం నాకోసం ప్రార్థిస్తోందన్నాడు. తర్వాత సంచీలోంచి టైపు చేసిన కాగితం తీశాడు. ఎంపికకి ముందునుంచే నా చేతిలో ఈ జబ్బు ఉందనీ, ఆ సంగతి నేను దాచాననీ, ఆటవల్ల వచ్చింది కాదనీ అందులో ఉంది. కింద నా సంతకం పెడితే చాలు. పెడితే ఆఫీసు దయతలచి ఏదో ఒక కుర్చీలో కూర్చోబెడుతుందనీ, పెట్టకపోతే తన చేతిలో ఏమీ లేదనీ మెత్తగా చెప్పాడు.

నాన్న కాగితం అందుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. నా వైపు చూశాడు. పెట్టమంటాడనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన పెట్టమంటే పెట్టేసేవాణ్ణి. అప్పటికి అంత అలసిపోయాను.

అక్క మధ్యలోకి వచ్చి, చెయ్యి కదపకూడదని డాక్టరు చెప్పాడనీ, తమ్ముడు సంతకం పెట్టలేడనీ హిందీలో అంది. కోచ్ సాబ్ అందుకూ సిద్ధపడే వచ్చాడు. జేబులోంచి చిన్న ఇంకు పెట్టె తీశాడు. ఎడమచేతి బొటనవేలు వేస్తే సరిపోతుందన్నాడు.

నాన్నకి హిందీ బాగా వచ్చు, ముప్ఫై ఎనిమిదేళ్ళు షెడ్డులో అదే మాట్లాడాడు. ఆ క్షణాన మాత్రం ఆయనకి తెలుగు తప్ప ఇంకోటి రాలేదు.

"నేను ఏలిముద్రేసి డూటీలో సేరినోణ్ణి బాబూ. ఆ సిగ్గుకి షెడ్డులోనే బొగ్గుముక్కతో సంతకం నేర్సుకున్నాను. నా కొడుకు పన్నెండు సదివినాడు. అబద్ధం మీద ఆడి సేత ఏలిముద్ర ఏయించడానికి నేను సచ్చిపోలేదు. ఈ కాయితం అట్టుకుని ఎల్లిపో."

కోచ్ సాబ్‌కి మాటలు తెలియలేదు. తెలియవలసినంతా మాత్రం తెలిసింది. ఇంకు పెట్టె మూసి, లేచాడు. అరటిపళ్ళు అక్కడే ఉండిపోయాయి. అక్క వాటిని తీసుకెళ్ళి పక్క మంచం మీది పెద్దాయనకి ఇచ్చేసింది. తిరిగొచ్చి నాన్న పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. మూడు నెలల తర్వాత వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఉద్యోగం పోయిందని మాకు ముగ్గురికీ తెలుసు. ఆ సాయంత్రం నేను కడుపునిండా తిన్నాను.

తొంభై నాలుగు, విశాఖ

గడ్డ కరిగినా, నాళాన్ని నొక్కే ఎముక అక్కడే ఉంది. దాన్ని తీయించాలంటే విశాఖ వెళ్ళమన్నారు. అమ్మా నేనూ వెళ్ళాం. ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను. చంకలోంచి పై పక్కటెముక తీసేశారు. మెలకువ వచ్చాక మొట్టమొదట వినిపించింది వార్డులో ఆయా అరుపు, "నీలెవలికి కావాలి?" అని. బిలాస్‌పూర్‌లో మా ఇంట్లో నలుగురం మాట్లాడే మాట, వార్డంతా మాట్లాడుతోంది. ఎందుకో ధైర్యం వచ్చింది.

అక్కడ ఒక కుర్ర డాక్టరు రోజూ వచ్చి నా వేళ్ళ మధ్య కాగితం పెట్టి, లాగుతాను పట్టుకో అనేవాడు. మొదటి రోజుల్లో కాగితం సులువుగా జారిపోయేది. పదిహేనో రోజున కాగితం చిరిగింది. చిరిగిన ముక్క నా వేళ్ళలో ఉండిపోయింది. అమ్మ ఆ ముక్కని మడిచి తాళిబొట్టు పక్కన దాచుకుంది. అంత పిచ్చి అమ్మది. డాక్టరు నాతో సూటిగానే చెప్పాడు. రాస్తావు, అన్నం కలుపుకుంటావు, బరువులు జాగ్రత్తగా మోస్తావు, బంతి మాత్రం విసరవు. నేను ఏడుస్తానని ఆగాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, కోచ్ సాబ్ మీదే కాదు. మొదటి పేరు కనిపించగానే చప్పట్లు కొట్టి, ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడని ఒక్కసారి కూడా అడగని మా అందరి మీదా. లడ్డూలు తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

తొంభై ఐదు, తొంభై ఆరు

తిరిగొచ్చేసరికి ఉద్యోగంలోంచి తీసేసిన కాగితం వచ్చి ఉంది. నాన్న రిటైరయ్యాడు. తార్‌బాహర్ వైపు ఒక గదిలోకి మారాం. అక్క మిషన్ రెండయింది. నేను కోర్టు బయట హిందీ టైపు నేర్చుకుని, ఒక వకీలు దగ్గర కాగితాలు టైపు చేస్తున్నాను. కుడిచెయ్యి సాయంత్రానికి కొంచెం బరువెక్కుతుంది. ఒక దిండు మీద పెట్టుకుని పడుకుంటాను. ఇప్పుడు అంతకంటే భయమేమీ లేదు. ఇలాంటి చెయ్యి ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఒకటే చెప్తాను. ఒక చెయ్యి రెండోదానికంటే లావుగా, నీలంగా కనిపిస్తే అది బలం కాదు. మాలిష్ చేయించుకోవద్దు. అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బెంచీ మీద మీ వంతు వచ్చేదాకా ఊరుకోకుండా గట్టిగా అడగండి.

దిలేశ్వర్, నేను ఆదివారాలు కలుస్తుంటాం. ఇద్దరం కలిసి మాకు ముందు, మా తర్వాత మొదటి పేరుగా వచ్చిన పిచర్లని వెతికాం. దుర్గ్‌లో ఉన్నతను దొరికాడు. గోడకి రంగు వేసే పని, భుజం ఎత్తలేక కింది సగం తను వేసి పై సగం తమ్ముడితో వేయిస్తాడు. నా తర్వాతివాడు ఒక్క సీజను ఆడగానే సెలవు తీసుకుని ఊరెళ్ళి తిరిగి రాలేదు. ఇంకొకతను మమ్మల్ని చూసి తలుపు వేసేసుకున్నాడు. ఇక జాబితాలో రెండో పేరు, మూడో పేరు ఉన్న పిచర్లు? వాళ్ళని వెతకక్కర్లేదు. ఆఫీసులోనే ఉన్నారు. ఉద్యోగాలు పక్కా అయ్యాయి, పెళ్ళిళ్ళయ్యాయి. వాళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళు మాకంటే తెలివైనవాళ్ళేం కాదు. వాళ్ళని చూడ్డానికి ఎవరూ రాలేదు కాబట్టి వాళ్ళ చేతులు మిగిలాయి, అంతే.

ఈ చలికాలం మొదట్లో మళ్ళీ ఎంపిక జరిగింది. మేం వెళ్ళాం. బోర్డు చుట్టూ జనం. మొదటి పేరు యథాప్రకారం పిచర్‌దే. పద్దెనిమిదేళ్ళవాడు, బోద్రీ అబ్బాయి, పేరు సంతోష్. తల్లి వచ్చింది, ముతక చీర, చేతిలో టిఫిన్ డబ్బా. కోచ్ సాబ్ ఆమెకి నమస్కారం పెట్టి, కొడుకు అదృష్టవంతుడని చెప్తున్నాడు. జుట్టు కొంచెం నెరిసింది గానీ మిగతాదంతా అదే.

నేను ఏమేమో మాట్లాడదామని టైపు చేసుకుని మరీ వెళ్ళాను. అవసరం పడలేదు. కోచ్ సాబ్ మావైపు తిరిగి, దిలేశ్వర్‌ని చూసి మర్యాదగా చెయ్యి చాపాడు. "మీరు అబ్బాయి అన్నగారా?" అని అడిగాడు.

దిలేశ్వర్ తన చెయ్యి చాచలేదు. చాచలేడు కదా. "నన్ను మీరే తీసుకున్నారు సాబ్," అన్నాడు. "అప్పుడు బోర్డు మీద మొదటి పేరు నాది."

కోచ్ సాబ్ అచ్ఛా అచ్ఛా అంటూ అతని ముఖంలో వెతికాడు. పేరు గుర్తురాలేదు. పక్కనే నన్ను చూశాడు. నన్నైనా గుర్తుపట్టాడో లేదో చెప్పలేను. ఎవరో పిలిచినట్టు అటు వెళ్ళిపోయాడు.

ఆ తల్లి ఇదంతా చూసింది. టిఫిన్ డబ్బా కింద పెట్టి, దిలేశ్వర్‌ని ఛత్తీస్‌గఢీలో, నాయనా ఒకసారి చొక్కా చెయ్యి పైకి మడువు అంది. అతను మడిచాడు. ఆమె ఆ మోచేతిని పట్టుకుని, బియ్యంలో రాళ్ళు చూసినట్టు, దగ్గరగా, నెమ్మదిగా చూసింది. చాచడానికి లాగి చూసింది. రాలేదు. నన్ను ఏమీ అడగలేదు. నేనే చంక కింద మచ్చ చూపించాను. కొడుకు పక్కన నిలబడి, ఉద్యోగం పోతుందమ్మా అని గొణిగాడు. ఆమె కొడుకు కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుంది. మైదానం అడ్డంగా దాటి బస్సు వైపు నడిచింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

మాకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ ఇంటికి ఆ ఉద్యోగం ఎంత అవసరమో నాకు తెలుసు. మేం బోర్డు దగ్గరే నిలబడ్డాం. కాసేపటికి సంగతి తెలిసి గుమాస్తా ఎర్ర పెన్ను పట్టుకుని వచ్చాడు. సంతోష్ పేరు కొట్టేశాడు. రెండో పేరు పక్కన ఒకటి అని వేశాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

దిలేశ్వర్ ఎడమచేత్తో చొక్కా మడత విప్పుకుంటూ, ఇప్పుడు మొదటి పేరైన కుర్రాడి ఊరు ఏదని గుమాస్తాని అడిగాడు. చెప్పాడు. వాళ్ళ ఊరికి మధ్యాహ్నం పాసింజరు ఉంది. టికెట్లు నేను తీశాను.